బెంగళూరు ఫ్లాట్‌లో సక్యులెంట్‌కి సరిపడా వెలుగు ఎలా ఇవ్వాలి?

గృహప్రవేశానికి వెళ్లినా, పిల్లల పుట్టినరోజుకి వెళ్లినా రిటర్న్ గిఫ్ట్‌గా అరచేతిలో పట్టేంత సక్యులెంట్ (మందపాటి ఆకుల్లో నీళ్లు దాచుకునే మొక్క) కుండీ ఇవ్వడం బెంగళూరులో ఇప్పుడు మామూలైపోయింది. ఇంటికి తెచ్చాక దాన్ని టీవీ పక్కనో, ఆఫీసు టేబుల్ మీదో పెడతాం. రెండు మూడు నెలలు తిరిగేసరికి గుండ్రంగా, ముద్దుగా ఉన్న మొక్క కాస్తా మెడ సాగి, ఆకులు ఎడం ఎడంగా అయిపోయి, ఒక పక్కకి ఒరిగిపోతుంది. నీళ్లు ఎక్కువయ్యాయా, తక్కువయ్యాయా అని టెన్షన్ పడతాం. చాలా ఇళ్లలో అసలు లోటు వెలుగుది.

"కిటికీ దగ్గర పెట్టండి" అని అందరూ చెబుతారు. అది సగం సలహానే. ఏ కిటికీ, ఏ నెలలో, అద్దానికి ఎంత దూరంలో అన్నది మిగతా సగం. బెంగళూరులో సూర్యుడు ఏడాదిలో కొన్నాళ్లు దక్షిణం వైపు, కొన్నాళ్లు ఉత్తరం వైపు ఉంటాడు. అందుకే సక్యులెంట్‌ని ఒకచోట పెట్టి ఊరుకుంటే కుదరదు. ఏడాదికి రెండు మూడుసార్లయినా దాని చోటు మార్చాలి. ఎప్పుడు, ఎటు మార్చాలో తెలిస్తే మిగతా పనంతా తేలికే.

1. మీ మొక్క ఏ రకమో పోల్చుకోండి

మందపాటి ఆకులు రేకుల్లా గుండ్రంగా పేర్చినట్టు ఉంటే అది ఎచెవేరియా, లేదంటే దాని దగ్గరి చుట్టాలైన గ్రాప్టోపెటాలం, సెడమ్‌లలో ఒకటి. ఎచెవేరియాల్లో చాలా రకాల సొంతూరు మెక్సికో కొండ ప్రాంతాలు. పగలు మంచి ఎండ, రాత్రి చల్లదనం వాటికి అలవాటు. బెంగళూరు సముద్ర మట్టానికి 900 మీటర్ల పైన ఉంది కాబట్టి రాత్రులు చల్లబడతాయి, అందుకే చెన్నై, విజయవాడల కంటే ఇక్కడ ఈ మొక్క బాగా కుదురుకుంటుంది. రోజూ నాలుగు నుంచి ఆరు గంటల పొద్దుటెండ కావాలి. వెలుగు విషయంలో ఏమాత్రం రాజీ పడని మొక్క ఇది.

చిన్న సైజు కలబందలా కోసుగా ఉండి, ఆకుల మీద తెల్ల చారలో చుక్కలో ఉంటే హవర్థియా. ఇది దక్షిణాఫ్రికాలో పొదల కింద, రాళ్ల చాటున పెరిగే మొక్క. మిట్టమధ్యాహ్నపు ఎండ నేరుగా తగిలితే తట్టుకోలేదు. పొద్దున గంటా రెండు గంటలు ఎండ తగిలి, మిగతా పగలంతా మంచి వెలుగు ఉంటే చాలు. గాస్టీరియా కూడా ఇదే బాపతు. కొత్తగా పెంచేవాళ్లకి, ఎండ తక్కువగా వచ్చే ఇళ్లకి నేను ఎప్పుడూ చెప్పేది హవర్థియానే.

చిన్న చెట్టులా కొమ్మలేసి, నాణేల్లాంటి మందపాటి ఆకులుండే జేడ్ ఎండని బాగానే ఓర్చుకుంటుంది. రోజుకి నాలుగు గంటలు దొరికితే గుబురుగా పెరుగుతుంది. కత్తుల్లా నిటారుగా నిలిచే ఆకులున్న స్నేక్ ప్లాంట్ తక్కువ వెలుగులోనూ బతుకుతుంది, కాకపోతే పెరుగుదల దాదాపు ఆగిపోతుంది.

పేరు తెలియని మొక్కయితే రంగు చూడండి. ముదురు ఆకుపచ్చ ఆకులుంటే సాధారణంగా కాస్త నీడని ఓర్చుకునే రకం. బూడిద, నీలం, గులాబీ, ఊదా రంగులున్నా, ఆకు మీద తెల్లటి పొడి ఉన్నా ఎండ కోరే రకం. ఆ పొడి ఎండ నుంచి ఆకుని కాపాడే మైనం. వేలితో రుద్దితే పోతుంది, పోయిన చోట మళ్లీ రాదు. కాబట్టి ఎప్పుడు జరిపినా కుండీని పట్టుకుని జరపండి, ఆకుల మీద చెయ్యి వేయకండి.

2. గుమ్మం దిక్కు వదిలేసి బాల్కనీ దిక్కు చూడండి

"మాది ఈస్ట్ ఫేసింగ్ ఫ్లాట్, ఎండకి లోటు లేదు" అని చాలామంది ధీమాగా చెబుతారు. వాస్తు లెక్కలో ఈస్ట్ ఫేసింగ్ అంటే గుమ్మం తూర్పుకి ఉందని. అపార్ట్‌మెంట్‌లో ఆ గుమ్మం తెరుచుకునేది కారిడార్‌లోకి. బాల్కనీ చాలాసార్లు దానికి సరిగ్గా అవతలి పక్క, అంటే పడమటికి వస్తుంది. అలాంటి ఫ్లాట్‌లో మొక్కకి దొరికేదంతా మధ్యాహ్నం తర్వాతి ఎండే.

కాబట్టి బాల్కనీలో నిలబడి ఫోన్‌లో కంపాస్ తెరవండి. ఇనుప గ్రిల్‌కి ఆనుకుని చూస్తే దిక్కు తప్పు చూపిస్తుంది, రెండు మూడు అడుగులు లోపలికి వచ్చి చూడండి. హాల్ బాల్కనీ, బెడ్‌రూమ్ కిటికీ, వాషింగ్ మెషీన్ పెట్టుకునే యుటిలిటీ, మూడింటి దిక్కులూ విడివిడిగా రాసుకోండి. యుటిలిటీని మొక్కల చోటుగా ఎవరూ లెక్కలోకి తీసుకోరు గానీ, కొన్ని ఇళ్లలో ఎండ చక్కగా పడేది అక్కడే.

3. ఏ నెలలో ఎండ ఎటు వస్తుందో తెలుసుకోండి

ఇది కాస్త ఓపిగ్గా చదవండి. వెలుగు విషయంలో తికమకంతా ఇక్కడే ఉంది.

బెంగళూరు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. చెన్నై కూడా ఇంచుమించు అంతే, కాబట్టి ఈ లెక్క అక్కడివాళ్లకీ పనికొస్తుంది. కర్కాటక రేఖకి దిగువన ఉన్నాం గనుక సూర్యుడు ఏడాదిలో రెండుసార్లు సరిగ్గా మన నడినెత్తికి వస్తాడు. ఏప్రిల్ 24 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 18 ప్రాంతంలో ఇంకోసారి. ఆ రోజుల్లో మధ్యాహ్నం 12:20 ప్రాంతంలో నిటారుగా నిలబెట్టిన సీసాకి పక్కకి నీడ పడదు. జీరో షాడో డే అని పిల్లలకి చూపించేది ఇదే.

ఈ రెండు తేదీల మధ్య, అంటే ముఖ్యంగా మే, జూన్, జులై నెలల్లో, సూర్యుడు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఉత్తరం వైపునే ఉంటాడు. మిగతా ఎనిమిది నెలలూ మధ్యాహ్నపు సూర్యుడు దక్షిణానికి ఉంటాడు. దీన్ని మీ బాల్కనీకి అన్వయించుకుంటే ఇలా ఉంటుంది.

దక్షిణం వైపు బాల్కనీకి అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా తిరుగులేదు. డిసెంబరు మూడో వారంలో మధ్యాహ్నపు సూర్యుడు 54 డిగ్రీల ఎత్తు కూడా దాటడు. పై ఫ్లోర్ శ్లాబ్ ఎనిమిది అడుగుల ఎత్తున ఉందనుకుంటే, ముందు పిట్టగోడ అడ్డం లేనప్పుడు, శ్లాబ్ అంచు నుంచి లోపలికి దాదాపు ఆరడుగుల దాకా నేల మీద ఎండ పడుతుంది. అదే బాల్కనీలో జూన్‌లో నేరుగా పడే ఎండ ఒక్క నిమిషం కూడా ఉండదు. దానికి తోడు వానాకాలం మబ్బులు. దీపావళికి, సంక్రాంతికి కళకళలాడిన ఎచెవేరియా ఆషాఢం వచ్చేసరికి మెడ చాచడానికి కారణం ఇదే. మీరు పెట్టిన చోటే ఉంది, ఎండే అక్కడి నుంచి వెళ్లిపోయింది.

ఉత్తరం వైపు బాల్కనీకి వ్యవహారం తిరగబడుతుంది. నవంబరు, డిసెంబరు, జనవరి నెలల్లో అక్కడ నేరుగా ఎండే ఉండదు. మే నుంచి జులై దాకా మాత్రం పొద్దునా సాయంత్రం ఏటవాలుగా ఎండ లోపలికి వస్తుంది. నడిమధ్యాహ్నం సూర్యుడు 80 డిగ్రీల ఎత్తుకి పోతాడు కాబట్టి ఆ ఎండని శ్లాబ్ ఆపేస్తుంది. అంటే మండే ఎండ పోయి లేత ఎండ మిగులుతుంది. సక్యులెంట్‌కి ఇంతకంటే ఏం కావాలి? ఇంటికి రెండు వైపులా కిటికీలుంటే మే మొదటి వారంలో కుండీలని దక్షిణం నుంచి ఉత్తరానికి, ఆగస్టు చివర్లో మళ్లీ ఉత్తరం నుంచి దక్షిణానికి మార్చండి. ఏడాదిలో మీరు చేసే పనులన్నిటిలో మొక్కకి ఎక్కువ మేలు చేసేది ఈ రెండు మార్పులే.

తూర్పు వైపు ఏడాది పొడవునా నమ్మకమైన చోటు. సూర్యోదయం నుంచి పది, పదకొండు దాకా ఎండ, తర్వాత వెలుగు. ఒక్కటే చిక్కు, ఎదురు బిల్డింగ్. మారతహళ్లి, బీటీఎం లాంటి చోట్ల ఇండిపెండెంట్ బిల్డింగులు గోడకి గోడ ఆనించినట్టు కట్టేస్తారు. తూర్పు కిటికీ అయినా ఎదురు మేడ దాటి ఎండ వచ్చేసరికి తొమ్మిదైపోవచ్చు. దిక్కు ఏదైనా ఒక ఆదివారం ఇంట్లో ఉండి, ఎండ ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు పోయిందో టైమ్ చూసి రాసుకోండి.

పడమటి బాల్కనీ జాగ్రత్తగా చూసుకోవాల్సింది. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి పొద్దుగుంకేదాకా వేడెక్కిన గాలిలో, కాలిన గోడల మధ్య వచ్చే ఎండ అది. బెంగళూరులో అన్నిటికంటే వేడి నెల ఏప్రిల్, పగటి ఉష్ణోగ్రత 34 డిగ్రీల దాకా పోతుంది. రోహిణి కార్తెలో మన తెలుగు ఊళ్లలో రోళ్లు పగులుతుంటే ఇక్కడ అప్పటికే వానలు పడి చల్లబడుతూ ఉంటుంది. కాబట్టి ఇక్కడ ప్రమాదం శివరాత్రి తర్వాత మొదలై మే మొదటి వారాలతో తీరిపోతుంది. ఆ రెండు మూడు నెలలు పడమటి గ్రిల్‌కి 50 శాతం గ్రీన్ నెట్ (సగం ఎండని ఆపే వల) కట్టండి. నర్సరీ సామాన్లు అమ్మే షాపుల్లో మీటర్ల లెక్కన దొరుకుతుంది. నెట్ ఇష్టం లేకపోతే పల్చటి తెల్ల కర్టెన్ గానీ, పాత పంచె గానీ సరిపోతుంది. నల్ల ప్లాస్టిక్ కుండీ ఆ ఎండకి వేడెక్కి లోపల వేళ్లని దెబ్బతీస్తుంది, మట్టి కుండీలోకి మార్చండి. గాజు గిన్నెలో అలంకరించి ఇచ్చిన మొక్కని మాత్రం ఏ దిక్కునా మధ్యాహ్నపు ఎండలో పెట్టకండి. గాజు లోపల వేడి నిలబడిపోయి మొక్క ఉడికినంత పనవుతుంది.

ఇంకో చిన్న పని చెయ్యండి. నెలకోసారి మధ్యాహ్నం పన్నెండున్నర ప్రాంతంలో బాల్కనీ నేల మీద ఎండ ఎక్కడిదాకా వచ్చిందో ఆ అంచున చిన్న టేప్ ముక్క అతికించి, దాని మీద నెల పేరు రాయండి. దక్షిణపు బాల్కనీలో ఉత్తరాయణం పొడవునా ఆ గీత నెలనెలా బయటికి జరిగిపోవడం, దక్షిణాయనంలో మళ్లీ లోపలికి రావడం మీ కళ్లతోనే చూస్తారు. ఏడాది తిరిగాక ఏ నెలలో కుండీ ఎక్కడ పెట్టాలో ఎవర్నీ అడగక్కర్లేదు.

4. ఆ చోట వెలుగు ఎంత ఉందో కొలవండి

మన కళ్లు ఎంత వెలుగుకైనా ఇట్టే అలవాటు పడిపోతాయి, అందుకే గది "బాగా వెలుతురుగా ఉంది" అనిపిస్తుంది. లెక్కల్లో చూస్తే తేడా తెలుస్తుంది. ఆరుబయట మిట్టమధ్యాహ్నపు ఎండ సుమారు లక్ష లక్స్ (వెలుగుని కొలిచే యూనిట్). మబ్బు పట్టిన రోజు ఆరుబయట పది, ఇరవై వేలు. లైట్లన్నీ వెలుగుతున్న ఆఫీసు టేబుల్ మీద మూడు నుంచి ఐదు వందలు. అంటే టేబుల్ మీది మొక్కకి అందేది ఎండలో రెండు వందల్లో ఒక వంతుకి మించదు.

నీడ పరీక్షకి ఖర్చేమీ లేదు. కుండీ పెట్టాలనుకున్న చోట తెల్ల కాగితం పరవండి. వెలుగు బాగా ఉన్న వేళ, కాగితానికి అడుగు ఎత్తున చెయ్యి చాపి వేళ్లు విప్పండి. ప్రతి వేలూ విడిగా, అంచులు గీసినట్టు నీడ పడితే ఎచెవేరియా, జేడ్, కాక్టస్ పెట్టొచ్చు. చెయ్యి అని తెలుస్తూ, వేళ్లు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి మసగ్గా ఉంటే హవర్థియాకి, గాస్టీరియాకి సరిపోతుంది. కాగితం మీద ఏదో నల్లబడిందన్నంత మాత్రమే తెలిస్తే అక్కడ స్నేక్ ప్లాంట్ తప్ప ఇంకేదీ పెట్టకండి.

రెండోది ఆకాశం. కుండీ ఎత్తుకి కళ్లు తెచ్చి అక్కడి నుంచి బయటికి చూడండి. ఎంత ఆకాశం కనిపిస్తే మొక్కకి అంత వెలుగు. ఎదురింటి గోడ తప్ప ఏమీ కనిపించకపోతే అది ఎంత పెద్ద కిటికీ అయినా లాభం లేదు. అద్దాన్ని ఆనుకుని చూసి, తర్వాత మూడడుగులు వెనక్కి వచ్చి చూడండి. కనిపించే ఆకాశం ఎంత కుదించుకుపోయిందో గమనిస్తే, కుండీని కిటికీ గట్టు మీదే ఎందుకు పెట్టమంటారో అర్థమవుతుంది.

దోమల జాలీ సంగతి ఎవరూ చెప్పరు. సన్నటి జాలీ వెలుగుని బాగానే ఆపుతుంది, దాని కళ్లలో దుమ్ము పట్టాక ఇంకా ఎక్కువ ఆపుతుంది. రోడ్డు పక్క ఇళ్లలో అద్దం మీద కూడా నెల తిరక్కుండానే పొర కడుతుంది. నెలకోసారి అద్దాన్నీ జాలీనీ తడిగుడ్డతో తుడవండి. జరిపే రకం జాలీ అయితే పగటిపూట మొక్క ఉన్నంత మేర పక్కకి తోసి, సాయంత్రం ఐదింటికి మూసేయండి.

అంకెలు కావాలనుకుంటే ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఏదైనా లక్స్ మీటర్ యాప్ వేసుకుని, ఫోన్‌ని కుండీ పక్కన స్క్రీన్ పైకి ఉండేలా పెట్టి చూడండి. ఆ అంకె కచ్చితమైనది కాకపోయినా ఇంట్లో రెండు చోట్లని పోల్చుకోవడానికి పనికొస్తుంది. ఎచెవేరియాకైతే పగటివేళ ఎక్కువ భాగం పదివేల పైన చూపించే చోటు కోసం వెతుకుతాను. అంతకంటే తక్కువైతే దానికి కష్టమే.

5. ఎండకి మెల్లగా అలవాటు చేయండి

లాల్‌బాగ్‌కి దగ్గర్లో సిద్ధాపుర నర్సరీలకి వెళ్లినా, మీ ఏరియాలో రోడ్డు పక్క నర్సరీలో కొన్నా, డబ్బులిచ్చే ముందు ఒక్క మాట అడగండి. "అన్నా, ఇది నెట్ కింద పెరిగిందా, బయట ఎండలోనా?" తెలుగు అర్థమయ్యేవాళ్లు చాలా నర్సరీల్లో ఉంటారు. "నెట్ కిందే సార్" అన్నారంటే దాని ఆకులకి ఇంకా పూర్తి ఎండ తెలియదు. ఇంటికి తెచ్చిన రోజే టెర్రస్ మీద పెడితే ఒక్క మధ్యాహ్నంలోనే మాడిపోతుంది.

మొదటి మూడు రోజులు పొద్దున ఏడు నుంచి ఎనిమిది దాకా ఒక్క గంట ఎండ ఇవ్వండి. తర్వాత మూడేసి రోజులకి అరగంట చొప్పున పెంచుకుంటూ పోతే మూడు వారాల్లో నాలుగు గంటలకి చేరుకుంటుంది. ఆన్‌లైన్‌లో తెప్పించిన మొక్క అయితే డబ్బాలో చీకట్లో ప్రయాణం చేసి వచ్చింది కాబట్టి, ముందు రెండు రోజులు నీడలోనే ఉంచి ఆ తర్వాత మొదలుపెట్టండి. వారం పది రోజులు ముసురు పట్టి, హఠాత్తుగా ఫెళ్లున ఎండ కాసినప్పుడూ ఇదే జాగ్రత్త. ఆగస్టు, సెప్టెంబరుల్లో ఇలా తరచూ అవుతుంది. ఆ మొదటి రెండు మూడు రోజులు పల్చటి గుడ్డ అడ్డం కడితే సరిపోతుంది.

6. వారానికోసారి మొక్కని పక్క నుంచి చూడండి

పైనుంచి చూస్తే ఎచెవేరియా ఎప్పుడూ అందంగానే కనిపిస్తుంది. కుండీని కంటి ఎత్తుకి లేపి పక్క నుంచి చూడండి. ఆకుల వరసల మధ్య కాడ కనిపిస్తోందా? కింది ఆకులు పైకి చూడటం మానేసి కుండీ అంచు మీదికి వాలిపోయాయా? నడిమధ్యలో కొత్తగా వస్తున్న ఆకులు పాత వాటికంటే సన్నగా, పాలిపోయి ఉన్నాయా? ఇవన్నీ వెలుగు చాలడం లేదనడానికి గుర్తులు. కింది ఆకులు వాలిపోవడం నీరసం వల్ల కాదు, వీలైనంత వెలుగు పట్టుకోవడానికి ఆకు తనని తాను వెడల్పుగా పరుచుకుంటుంది. ఒక పక్కకి ఒరగడం కూడా అంతే. వెలుగు తక్కువ పడే పక్క కాడలో కణాలు ఎక్కువ సాగుతాయి, దాంతో కొన వెలుగు వైపు తిరుగుతుంది. వారానికోసారి కుండీని పావు వంతు తిప్పితే మొక్క నిటారుగా నిలుస్తుంది.

సాగిన కాడ మళ్లీ కురచ కాదు. చోటు మారిస్తే ఇక మీదట వచ్చే ఆకులు దగ్గర దగ్గరగా వస్తాయి, సాగిన భాగం మాత్రం అలాగే ఉండిపోతుంది. అది చూడటానికి బాగాలేదనిపిస్తే శుభ్రమైన బ్లేడుతో పైభాగాన్ని అంగుళం కాడతో సహా కోసి, ఎండ తగలని పొడి చోట నాలుగైదు రోజులు వదిలేయండి. కోసిన చోట ఎండి గట్టిపడ్డాక పొడిమట్టిలో గుచ్చండి. వేళ్లు వస్తాయి. కుండీలో మిగిలిన మోడుని పారేయకండి, దాని పక్కల నుంచి పిల్లలు వస్తాయి. ఈ పని వానల్లో పెట్టుకుంటే కోసిన చోటు కుళ్లే అవకాశం ఎక్కువ, నవంబరు దాటాక చేయండి.

ఎండ ఎక్కువైతే గుర్తులు వేరు. సూర్యుడికి ఎదురుగా ఉన్న ఆకుల మీద మాత్రమే తెల్లగానో గోధుమరంగులోనో పొడిబారిన మచ్చలు వస్తాయి. అవి మానవు. ఆకు పాతబడి రాలేదాకా అలాగే ఉంటాయి. మచ్చ పడిందని ఆకు పీకేయకండి, మిగతా భాగం ఇంకా పని చేస్తూనే ఉంటుంది. ఇదే మచ్చ మెత్తగా, తడిగా, పారదర్శకంగా ఉండి కింది ఆకుల నుంచి మొదలైతే అది ఎండ దెబ్బ కాదు, నీళ్లెక్కువై వచ్చిన కుళ్లు. ఎచెవేరియా, జేడ్ ఆకుల అంచులు ఎర్రబడితే కంగారు పడక్కర్లేదు, మంచి వెలుగులో వచ్చే రంగే అది. హవర్థియా మొత్తం ఎర్రటి మట్టిరంగుకి తిరిగితే మాత్రం ఎండ ఎక్కువైనట్టే, కాస్త లోపలికి జరపండి.

7. వెలుగుని బట్టే నీళ్లు

సక్యులెంట్లలో చాలావరకు పగలు ఆకు రంధ్రాలు మూసుకుని, రాత్రి చల్లబడ్డాక తెరిచి గాలిలోంచి కార్బన్ డయాక్సైడ్ తీసుకుంటాయి. దాన్ని ఆమ్లం రూపంలో దాచుకుని, తెల్లారాక వెలుగుతో ఆహారంగా మార్చుకుంటాయి. వెలుగు తగ్గితే ఈ పనంతా నెమ్మదిస్తుంది, నీటి వాడకం కూడా పడిపోతుంది. పోసిన నీళ్లు మట్టిలోనే నిలిచి వేళ్లు కుళ్లుతాయి.

"వారానికోసారి" అన్న లెక్క అందుకే పనికిరాదు. మార్చిలో తూర్పు బాల్కనీలో వారానికోసారి నీళ్లు తాగిన కుండీకే జులైలో రెండు మూడు వారాలకోసారి సరిపోవచ్చు. పుల్ల ఒకటి కుండీ అడుగు తగిలేదాకా గుచ్చి తీసి, పొడిగా వస్తేనే పోయండి. చీకటి చోట నుంచి వెలుగులోకి మార్చిన మొక్కకి కూడా వెంటనే నీళ్లు పెంచకండి, కొత్త ఆకు కదలిక కనిపించేదాకా ఆగండి.

ఎండే రాని గది అయితే

పీజీలో మీ మంచం పక్క కిటికీ ఎదురు గోడకే తెరుచుకుంటుందా? అద్దె ఇంట్లో టెర్రస్ ఉంటే ముందు ఓనర్ ఆంటీని అడిగి చూడండి. పిట్టగోడ మీద నాలుగు చిన్న కుండీలకి చాలామంది కాదనరు. అది కుదరకపోతే ఎల్‌ఈడీ ట్యూబ్ ఉంది. ప్రత్యేకంగా ఊదారంగు లైట్లు కొనక్కర్లేదు. ఇళ్లలో వాడే తెల్ల ఎల్‌ఈడీ ట్యూబ్, 6500 కెల్విన్ (వెలుగు రంగుని చెప్పే అంకె) అని రాసి ఉన్నది, హవర్థియాకి సరిపోతుంది. ఎచెవేరియాకి రెండు ట్యూబులు పక్కపక్కన బిగించాలి. ఇక్కడ అసలు కీలకం దూరం. సీలింగ్‌కి ఉన్న ట్యూబ్‌లైట్ వల్ల మొక్కకి ఒరిగేది ఏమీ లేదు. షెల్ఫ్ అడుగున బిగించి, మొక్క నెత్తికీ ట్యూబ్‌కీ మధ్య జానెడు కంటే తక్కువే ఉండేలా చూడండి. రోజుకి 12 నుంచి 14 గంటలు వెలగనివ్వండి. టైమర్ ప్లగ్ పెడితే ఆన్, ఆఫ్ గొడవ ఉండదు. రాత్రి మాత్రం కచ్చితంగా ఆర్పేయాలి. పైన చెప్పినట్టు గాలి తీసుకునే పని రాత్రే జరుగుతుంది. రణపాలకి దగ్గరి చుట్టమైన కలాంచోకి మొగ్గ వేయాలంటే పొడవైన రాత్రులు కావాలి. కారిడార్ లైటు రాత్రంతా దాని మీద పడుతుంటే చలికాలం గడిచిపోయినా పువ్వు రాదు.

ఆఫీసు టేబుల్ మీద పెట్టుకోవాలన్న సరదా ఉంటే రెండు హవర్థియాలు కొనండి. ఒకటి వారం ఆఫీసులో, ఇంకొకటి ఇంట్లో కిటికీ గట్టు మీద. సోమవారం సోమవారం మార్చుకుంటే రెండూ బాగుంటాయి.

సంక్రాంతికి వారం పది రోజులు ఊరెళ్తున్నప్పుడు నీళ్ల గురించి బెంగ అక్కర్లేదు, సక్యులెంట్ ఆగుతుంది. తాళం వేసే ముందు అలవాటుకొద్దీ అన్ని కర్టెన్లూ లాగేస్తాం కదా, కుండీ ఉన్న కిటికీకి మాత్రం తెరిచి ఉంచండి. జనవరిలో దక్షిణపు ఎండ దానికి బాగా దొరికే రోజులవి. ఇక్కడి నుంచి అమ్మకి ఎచెవేరియా తీసుకెళ్తుంటే, అక్కడ వేసవిలో ఎండ తగలని వరండాలో, గాలి ఆడే చోట పెట్టమని చెప్పి ఇవ్వండి. విజయవాడ మే నెల ఎండ ఈ మొక్కకి ఉదయం పూట కూడా ఎక్కువే.